ముఖం చూసి చెప్పే మాట

కిటికీ ముందున్న బల్ల చెల్లెమ్మది. గదికి వీపు పెట్టి, వీధివైపు ముఖం పెట్టి కూర్చుంటుంది. చేరిన రోజున "ఎక్కడ కూర్చుంటావమ్మా" అని అడిగితే ఆ చోటే చూపించింది. వెలుతురు కోసమని అందరూ అనుకున్నారు. చలికాలం కావడంతో పెందలాడే చీకటి పడుతోంది. గదిలో దీపాలు వేసేసరికి కిటికీ అద్దానికి ఆవిరి పట్టేస్తుంది. అప్పుడామె సంచిలోంచి రుమాలు తీసి, చెయ్యి అందినంత మేరా అద్దం తుడిచి, తిరిగి పనిలో పడుతుంది.

"ఈ పని కూడా నీ ప్రొఫైల్లో రాసేద్దామా చెల్లెమ్మా? అద్దాలు తుడవడంలో అనుభవం ఉందని," అన్నాడు బావమరిది, తలుపు దగ్గర తడి బూట్లు విప్పుకుంటూ.

ఆమె వెనక్కి తిరగకుండానే, "రాయండి. కానీ ఎన్నేళ్ళో సరిగ్గా రాయాలి. మనం ఏళ్ళు పెంచి రాయం కదా," అంది.

గదిలో ఉన్న నలుగురూ నవ్వారు. మూల బల్ల దగ్గరున్న యజమానీ నవ్వాడు.

ఆ రెండు గదుల కంపెనీ అతనిది. కోడు రాయడం వచ్చినవాళ్ళని వెతికి పట్టుకుని, వాళ్ళ అవసరం ఉన్న పెద్ద కంపెనీల్లో పనికి కుదర్చడం అక్కడ జరిగే పని. పెట్టి రెండేళ్ళు కాలేదు. అక్కడ అతన్ని సార్ అనరు, అన్న అంటారు. అతని భార్య తమ్ముడు పెద్ద కంపెనీలతో మాటలూ బేరాలూ చూస్తాడు. ఎదురుగా ఏమని పిలిచినా వెనకాల మాత్రం అందరికీ అతను బావమరిదే. చెల్లెమ్మ సంగతీ అంతే. అన్న ఒకసారి అలా పిలిచాడని, ఆమెకంటే చిన్నవాళ్ళు కూడా చెల్లెమ్మ అనడం మొదలుపెట్టారు. ఆమెకి బడికి వెళ్ళే కూతురుంది.

"బావా, నీ ఆఫీసులో ఏదైనా దాచుకుందామంటే తలుపున్న అల్మారా ఒక్కటి లేదు," అని బావమరిది ఎప్పుడూ అంటుంటాడు. నిజమే. అల్మారాలకి తలుపులు తీసేయించింది ఆ బావే. గోడ మీద తెల్లబోర్డు ఉంటుంది. పెద్ద కంపెనీ ఎంతిస్తోందో, అందులో పనిచేసే మనిషికి ఎంత వెళ్తోందో, ఆఫీసు ఎంత ఉంచుకుంటోందో దాని మీద రాసి ఉంటుంది. టీ ఇవ్వడానికి వచ్చినవాడైనా నిలబడి చదువుకోవచ్చు. ఎవరినైనా ఇంటర్వ్యూలో కాదంటే, ఎందుకు కాదన్నారో ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ముఖం చూసి చెప్పాలి. సోమవారం పొద్దున అందరూ కూర్చున్నప్పుడు ఆ మాటే మరోసారి చెప్పాలి. ఇది అతను పెట్టిన పద్ధతి. రోజూ పొద్దున్నే స్నానం చేసి దేవుడి పటం ముందు నిలబడి అతను అడిగేది కూడా ఒకటే. ఇవాళ ఎవరి దగ్గరా ఏదీ దాచే అవసరం రాకుండా చూడు స్వామీ, అని.

ఆ మంగళవారం సాయంత్రం మిగతావాళ్ళు వెళ్ళిపోయాక అతనూ, బావమరిదీ, చెల్లెమ్మా కూర్చుని మర్నాటి ఇంటర్వ్యూకి సిద్ధం చేసుకున్నారు. ఆమెకి ఎడమ చెవి దాదాపు వినిపించదు. కుడి చెవి సగం. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మిగతా సగం నింపుకుంటుంది. కంప్యూటరు తెర మీద మాట్లాడేటప్పుడు కింద అక్షరాలు పడే ఏర్పాటు ఉంది కాబట్టి అది సరిగా పనిచేస్తోందో లేదో చూడాలి. బావమరిది పక్క గదిలోకి వెళ్ళి పెద్ద కంపెనీ మేనేజరు వేషం కట్టి తెర మీద ప్రత్యక్షమయ్యాడు. గొంతు సవరించుకుందామని దగ్గాడు. కింద "ధన్యవాదాలు" అని అక్షరాలు పడ్డాయి.

"అప్పుడే ధన్యవాదాలంటున్నారన్నా. నన్ను పంపించేసినట్టేనా?" అంది చెల్లెమ్మ.

"వాడు దగ్గాడమ్మా."

"అయితే పర్వాలేదు. దగ్గినా మర్యాదగానే దగ్గారు."

అతను బల్లదీపం ఇటూ అటూ జరిపి, తెర వెలుగు ఆమె కళ్ళద్దాల మీద పడకుండా సర్ది, కుర్చీ కాస్త ఎత్తు పెంచాడు. ఆమె ప్రొఫైలు మరోసారి తెరిచి పైనుంచి కిందిదాకా చదివాడు. చేసిన పనులు, వచ్చిన భాషలు, చదువు. వాటి మధ్యలో అతను తన చేత్తో టైపు చేసిన వాక్యం: "వినికిడి తక్కువ, కానీ మాట్లాడేవారి ముఖం కనిపిస్తే, లేదా కింద అక్షరాలు పడే ఏర్పాటు ఉంటే పనిలో ఏ ఇబ్బందీ ఉండదు."

"ఇది ఉంచమంటావా?" అని అడిగాడు. ఇంతకుముందు కూడా అడిగాడు.

"ఉంచండన్నా. ఇదివరకు పనిచేసిన చోట దాచాను. కొన్నాళ్ళు పోయాక నీ పని చాలదన్నారు. నా పనిలో తప్పెక్కడుందో చూపించండి, దిద్దుకుంటానన్నాను. చూపించలేదు. తప్పుంటే కదా చూపించడానికి. ఇంటికెళ్ళి ఎన్నాళ్ళో నా కోడే తిరగేసుకున్నాను, నాకు కనపడనిది వాళ్ళకేం కనపడిందా అని." ఆమె మాట ఎప్పుడూ కాస్త పెద్దగానే ఉంటుంది, తన గొంతు తనకి వినిపించాలని. ఇప్పుడు తగ్గించింది. "ఇక్కడైతే కారణం చెప్తారని ఎవరో అన్నారు. అందుకే వచ్చాను."

"చెప్తామమ్మా. అదే కదా మన పద్ధతి."

"ఇది కూడా కాకపోతే మా బావగారి బట్టల షాపులో కౌంటరు దగ్గర కూర్చోమంటున్నారు. అక్కడ జనం ఒకరి మీద ఒకరు మాట్లాడతారన్నా. కోడు అలా కాదు. ఒక వాక్యం అయ్యాకే ఇంకో వాక్యం."

బావమరిది పక్క గదిలోంచి, "మేనేజరు గారు ఇంకా తెర మీదే ఉన్నారు. ఆయనకి ఆకలేస్తోంది," అన్నాడు. ఆ మాటలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా కింద పడ్డాయి.

బుధవారం ఇంటర్వ్యూ బాగా జరిగింది. అతను కెమెరాకి అందకుండా గోడవారగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. తెర మీద మేనేజరమ్మ, పక్కన ఆ కంపెనీ ఇంజనీరొకాయన. ఆయన ఒక కోడు ముక్క పంపించాడు. ఆసుపత్రిలో డాక్టరు దగ్గరికి రావడానికి జనం సమయం రాయించుకునే ఏర్పాటు అది. అప్పుడప్పుడూ ఒకే సమయం ఇద్దరికి వెళ్ళిపోతోంది. ఎందుకో చెప్పాలి. చెల్లెమ్మ వేలుతో బల్ల మీద మెల్లగా తడుతూ చదువుకుంది. ఖాళీ ఉందా అని చూడటం ఒకచోట, పేరు రాయడం ఇంకోచోట చేస్తున్నారంది. ఆ రెంటికీ మధ్య ఉన్న క్షణంలో రెండో మనిషి దూరిపోతున్నాడంది. "ఇద్దరు ఒకే కుర్చీ ఖాళీగా ఉందనుకుని ఒకేసారి కూర్చోబోయినట్టండీ. చూడటం, కూర్చోవడం ఒకే పని చెయ్యాలి," అని ఆ నాలుగు వరుసలూ దిద్ది చూపించింది.

ఇంజనీరు తల ఊపుతూనే ఉన్నాడు. మధ్యలో ఆయన కాగితం కోసం పక్కకి తిరిగి ఏదో అన్నాడు. "ఒక్కసారి మళ్ళీ చెప్తారా, మీ ముఖం కనపడలేదు," అందామె. ఆయన నొచ్చుకుని, ఇటు తిరిగి, మళ్ళీ చెప్పాడు. చివర్లో ఇంకొకసారి అలాగే అడిగింది. మేనేజరమ్మ నవ్వుతూ కింద ఏదో రాసుకుంది.

తెర ఆరిపోయాక చెల్లెమ్మ రెండు చేతులూ బల్ల మీద పరిచి పెట్టుకుంది. అరచేతుల చెమ్మ బల్ల మీద అంటింది.

"ఎలా ఉందన్నా?"

"నేను మేనేజరునైతే ఇప్పుడే రమ్మనేవాణ్ణి."

"మీరు మేనేజరైతే కంపెనీ మూసేస్తారు," అంది నవ్వుతూ. సంచి భుజాన వేసుకుని, కూతుర్ని బడినుంచి తీసుకురావాలని గబగబా మెట్లు దిగింది.

మేనేజరమ్మ మర్నాడు మధ్యాహ్నం ఫోను చేసింది. ఎప్పుడూ ఉత్తరమే రాసే మనిషి ఫోను చేసిందంటేనే అతనికి ఏదోలా అనిపించింది. బావమరిది కూడా వినేలా ఫోను బల్ల మీద పెట్టాడు. చెల్లెమ్మ కిటికీ దగ్గరే ఉంది. ఆమెకి వినపడదని తెలిసి కూడా, అతను ఫోను చేతిలోకి తీసుకుని పక్క గదిలోకి నడిచాడు. అలా నడవడమే ఆ ఆఫీసులో కొత్త.

మేనేజరమ్మ చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే పోట్లాడొచ్చు.

"ఆవిడ చాలా తెలివైనది. మా ఇంజనీరు ఇంకా మెచ్చుకుంటూనే ఉన్నారు," అంది. "కానీ మా వాళ్ళు గబగబా మాట్లాడతారండీ. నడుస్తూ మాట్లాడతారు, కాఫీ దగ్గర మాట్లాడతారు. ప్రతిసారీ ఒకరు ఆగి ఆవిడ వైపు తిరగాలంటే... మీకు తెలుసుగా. నాకూ బాధగానే ఉంది."

"అక్షరాలు పడే ఏర్పాటుందమ్మా. నిన్న మీరే చూశారు. రెండుసార్లే అడిగింది."

"రెండుసార్లే. మొదటి రోజు కదా. చూడండి, మీరు ముందే రాయడం చాలా మంచిపనైంది. మీరు రాయకపోతే మేం గమనించేవాళ్ళమే కాదు. తీసేసుకుని ఉండేవాళ్ళం. మీ నిజాయితీ మాకు చాలా నచ్చింది."

"థాంక్సండీ," అన్నాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలిసి తలదించుకున్నాడు.

"ఇది మాత్రం రాతలో వద్దండీ. ప్రాజెక్టు ఆగిందని చెప్పండి ఆవిడకి. మేమూ అలాగే రాసుకుంటాం. ఆ, మరొకటి. ఇంకో నలుగురు కావాలి మాకు. సోమవారానికల్లా ఉత్తరం పంపిస్తాను."

ఫోను పెట్టేశాక బావమరిది తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"వాళ్ళు చెప్పమన్నదే చెప్పు బావా. ప్రాజెక్టు ఆగింది. అది నువ్వు పుట్టించిన అబద్ధం కాదు. వాళ్ళది. నువ్వు మోసుకొచ్చి ఇచ్చావంతే."

"అబద్ధమని తెలిసి మోస్తే?"

"మోసేవాడికి మూట విప్పి చూడాల్సిన పనేంటి? విను. అసలు మాట చెప్పావే అనుకో. సోమవారం అందరి ముందూ చెప్పాలి. మన పద్ధతి నీకు తెలుసు. మనవాళ్ళు ఎనిమిదిమంది అక్కడ పనిచేస్తున్నారు. వాళ్ళలో ఒకడు కాఫీ దగ్గర నోరు జారతాడు. ఫోన్లో చెప్పుకున్న మాట బయటపెట్టారంటారు. ఆ నలుగురి సంగతి దేవుడెరుగు, ఎనిమిదిమందీ తిరిగొచ్చి ఇక్కడ కూర్చుంటారు. కుర్చీలు కూడా చాలవు."

"ఆ వాక్యం టైపు చేసింది నేనురా."

"ఆవిడ ఉంచమంది."

"నన్ను నమ్మి ఉంచమంది."

బావమరిది బల్ల మీదున్న పెన్ను మూత తీసి పెట్టి, మళ్ళీ తీసి పెట్టాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అతను కాళ్ళు కడుక్కుని దేవుడి పటం ముందు కూర్చున్నాడు. కళ్ళు మూసుకుంటే చెల్లెమ్మ చేతుల చెమ్మ అంటిన బల్లే కనిపించింది. ఎవరి దగ్గరా ఏదీ దాచే అవసరం రాకుండా చూడమని రోజూ అడుగుతూ వచ్చాడు. నువ్వు దాచకుండా ఉంటే దాని బరువు ఎవరి నెత్తిన పడుతుందో చూశావా, అని దేవుడు తిరిగి అడిగితే ఏం చెప్పాలి? తను దాచలేదు. పెద్ద కంపెనీ దాచింది. దాచినవాళ్ళకి ఏమీ కాలేదు. దాచనివాళ్ళ మధ్య ఈ పిల్ల నలిగింది. ఇందులో న్యాయం ఎక్కడుందో వెతుకుదామంటే దేవుడి ముఖం ఎప్పటిలాగే ప్రసన్నంగా ఉంది.

భార్య వంటింట్లో కూర తరుగుతూ అతను చెప్పిందంతా వింది. వినేంతసేపూ చాకు ఆపలేదు.

"చెప్పెయ్యండి," అంది చివరికి.

"మీ తమ్ముడు వద్దంటున్నాడు."

"వాడు చిన్నప్పుడు పరీక్ష తప్పినా ఇంట్లో వాళ్ళు బాధపడతారని చెప్పేవాడు కాదు. వాడి మాటకేంలెండి. ఆ అమ్మాయికి కారణం చెప్పకపోతే ఇంటికెళ్ళి తన పనిలోనే తప్పు వెతుక్కుంటుంది. మీరే అన్నారుగా, ఇదివరకు అలాగే చేసిందని."

"చెప్తే? వినికిడి తక్కువని తీసుకోలేదు అని ముఖం చూసి ఎలా అనను?"

ఆమె చాకు ఆపింది. "అది నాకూ తెలీదండీ," అంది. తరిగిన ముక్కలు గిన్నెలోకి నెట్టి, గిన్నె కడగడానికి లేచింది.

శుక్రవారం పగలంతా అతను చెప్పలేదు. రెండుసార్లు లేచి కిటికీ బల్లదాకా వెళ్ళి, ఒకసారి తాళంచెవుల కోసమన్నట్టు, ఒకసారి అసలేమీ లేనట్టు వెనక్కి వచ్చాడు. చెల్లెమ్మ అడగలేదు. కానీ ఆమె పనిచేస్తూ చేస్తూ తెర మూలనున్న ఉత్తరాల గుర్తువైపు చూడటం అతను కనిపెట్టాడు. చీకటి పడింది. మిగతావాళ్ళు కోట్లు తొడుక్కుని వెళ్ళిపోయారు. కొత్తగా చేరిన పొడుగాటి కుర్రాణ్ణి అందరూ నిచ్చెన అంటారు. అతనొక్కడు మాత్రం పక్క గదిలో చెవులకి హెడ్‌ఫోన్సు తగిలించుకుని పాఠాలు వింటున్నాడు. చెల్లెమ్మ అప్పుడే అద్దం తుడిచి రుమాలు మడత పెడుతోంది.

అతను కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆమె కుర్చీ తిప్పుకుని అతని ముఖంలోకి చూసింది. వినడానికి సిద్ధపడినప్పుడు ఆమె అలాగే చూస్తుంది. కళ్ళు కాక పెదవులు చూస్తుంది. ఆ చూపు ముందు అబద్ధం ఆడటం ఎంత కష్టమో, నిజం చెప్పడం కూడా అంతే కష్టమని అతనికి అప్పుడే తెలిసింది.

"వాళ్ళు ఫోను చేశారమ్మా."

"ఆ."

"రాలేదు."

ఆమె చూపు పెదవుల మీదనుంచి కదల్లేదు. తర్వాతి మాట కోసం ఆగింది. అతను నోరు తెరిచాడు. రెండు మాటలూ, అసలుదీ వాళ్ళు చెప్పమన్నదీ, గొంతులో ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. చటుక్కున లేచి కిటికీ దగ్గరకెళ్ళి నిలబడ్డాడు. ఆమెకి వీపు పెట్టి, కింద వీధిలో తడిసిన దారినీ, సైకిళ్ళు బాగుచేసే అతను సామాను లోపలికి సర్దుకోవడాన్నీ చూస్తూ, మెల్లగా, నిచ్చెనకి కూడా వినిపించనంత మెల్లగా, మొత్తం చెప్పేశాడు.

"నీ పని వాళ్ళకి నచ్చింది. నీ వినికిడి వల్ల కాదన్నారు. నేను ఆ వాక్యం రాయకపోతే తీసుకుని ఉండేవాళ్ళట. ప్రాజెక్టు ఆగిందని చెప్పమన్నారు. ఆగలేదు. ఇంకో నలుగుర్ని అడుగుతున్నారు. నేను ఏమీ అనలేకపోయాను. థాంక్స్ చెప్పాను."

ఊపిరి అద్దానికి తగిలి చిన్న ఆవిరి మచ్చ పడి, కరిగిపోయింది. గుండె కాస్త తేలికైనట్టనిపించింది. దాచలేదు. ఆమె ఎదురుగా ఉండగా, ఆమెకే చెప్పాడు. అది ఆమె చెవిదాకా వెళ్ళకపోతే తనేం చెయ్యగలడు? ఈ ఆలోచన ఎంత హాయిగా వచ్చిందంటే, అంత హాయిగా వచ్చినందుకే అతనికి భయమేసింది.

ఇటు తిరిగాడు. "ఇంకోటి చూద్దాంలే చెల్లెమ్మా. ఇంకో కంపెనీ వాళ్ళు అడుగుతున్నారు," అన్నాడు, ఈసారి గట్టిగా, ముఖం చూపిస్తూ.

ఆమె కళ్ళద్దాలు తీసి అదే రుమాలుతో తుడుచుకుంది.

"సరేనన్నా," అంది.

కంప్యూటరు మూసి, సంచి తీసుకుని, రోజూలాగే కుర్చీని బల్ల కిందికి జరిపి వెళ్ళిపోయింది. మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగిపోయాక అతనికి గుర్తొచ్చింది. ఎవరైనా ముఖం పక్కకి తిప్పి ఒక్క మాటంటే, మళ్ళీ చెప్పండి అని అడిగే మనిషి. అంతసేపు అటు తిరిగి మాట్లాడితే ఒక్కసారైనా అడగలేదేం?

దిగులులో అడిగుండదని సరిపెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున అందరూ పెద్దగదిలో కుర్చీలు గుండ్రంగా వేసుకున్నారు. పెద్ద కంపెనీలో పనిచేస్తున్న ఎనిమిదిమంది కూడా సోమవారం కాసేపు ఇక్కడికొచ్చి వెళ్తారు. బావమరిది గోడ తెర మీద మేనేజరమ్మ ఉత్తరం పెట్టాడు. పద్ధతి ప్రకారం వచ్చిన ఉత్తరం ఎవరూ దిద్దకుండా పైనుంచి కిందిదాకా చదవాలి. మీరు పంపిన వివరాల్లో ఎప్పుడూ ఏదీ దాచలేదు, మీవంటి వారితో పనిచేయడం మాకు సంతోషం, మరో నలుగురు కావాలి అని ఉంది. ఎవరో చప్పట్లు కొట్టారు. మిగతావాళ్ళూ కలిశారు. చెల్లెమ్మ కూడా కొట్టింది. అందరి ముఖాలూ కనిపించేలా ఆమె ఎప్పటిలాగే గుండ్రానికి ఒక చివర కూర్చుంది.

చప్పట్లయ్యాక నిచ్చెన చెయ్యెత్తాడు. అతను కొత్తవాడు. పద్ధతి అంటే పద్ధతే అనుకుంటాడు.

"అన్నా, చెల్లెమ్మని ఎందుకు తీసుకోలేదో చెప్పలేదు. అందరి ముందూ చెప్తారన్నారు కదా. ఇంకో నలుగురు కావాలంటూ తనని వద్దనడమేంటి?"

బావమరిది తెర వైపు తిరిగి, లేని దుమ్ము తుడిచాడు. అన్న లేచి నిలబడ్డాడు. ఎనిమిదిమంది ముఖాలు తనవైపే ఉన్నాయి. వాళ్ళలో ఒకతనికి మొన్ననే బిడ్డ పుట్టింది. ఇంకొకామె తమ్ముడి చదువు మోస్తోంది. నోరు తెరిచాడు. దేవుడా, అనుకున్నాడు. ఏమని అడగాలో తోచక, పేరొక్కటే అనుకున్నాడు.

"ప్రాజెక్టు ఆగిందట," అంది చెల్లెమ్మ.

అందరూ ఆమెవైపు తిరిగారు.

"నన్ను తీసుకుందామనుకున్న ప్రాజెక్టు ఆగిందట. ఈ నలుగురు వేరే దానికి. అన్న శుక్రవారమే నన్ను కూర్చోబెట్టుకుని చెప్పారు. ముఖం చూసి చెప్పారు." గొంతు ఎప్పటిలాగే కాస్త పెద్దగా ఉంది. వణుకు లేదు. "నువ్వు పాఠాలు వింటున్నావు నిచ్చెనా. చెవులకి అవి తగిలించుకుంటే నీకూ నాకూ తేడా ఏముంది?"

నవ్వులు లేచాయి. నిచ్చెన కూడా నవ్వి చెయ్యి దించాడు. అన్న మాత్రం నిలబడిన చోటే నిలబడిపోయాడు. కూర్చోవాలని కూడా గుర్తు రాలేదు.

ఆ ఎనిమిదిమందీ వెళ్ళాక బావమరిది దగ్గరకొచ్చి, "దేవుడున్నాడు బావా," అన్నాడు మెల్లగా.

"నువ్వు చెప్పావా ఆ అమ్మాయికి?"

"నేనా? ఏం చెప్పాను?"

"ప్రాజెక్టు ఆగిందని."

"నేను నోరే విప్పలేదు. నువ్వే కదా చెప్పింది?"

అతను శుక్రవారాన్ని గుర్తు చేసుకున్నాడు. ఎదురుగా కూర్చుని తను అన్నది "రాలేదు" అన్న ఒక్క మాట. ప్రాజెక్టు ఆగిందన్న మాట ఈ ఆఫీసులో తను పలికింది ఒక్కచోటే. అదీ మనిషితో కాదు, అద్దంతో.

ఆ పగలు ఎలా గడిచిందో అతనికి తెలియదు. చీకటి పడుతుండగా దీపాలు వేశారు. చెల్లెమ్మ రుమాలు తీసి అద్దం తుడిచింది. బావమరిది గది మధ్యలో నిలబడి, మేనేజరమ్మ ఫోన్లో ఎలా సాగదీసి మాట్లాడుతుందో మూతి తిప్పుతూ నిచ్చెనకి చేసి చూపిస్తున్నాడు. గొంతు లేదు, ఉత్త పెదవులే. అటు వీపు పెట్టుకుని కూర్చున్న చెల్లెమ్మ భుజాలు కదిలాయి. నవ్వుతోంది.

అతను లేచి మెల్లగా వెళ్ళి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. నల్లటి అద్దంలో గదంతా ఉంది. దీపాలు, తెల్లబోర్డు, తలుపుల్లేని అల్మారాలు, వేషం కడుతున్న బావమరిది, ఒక్కొక్కరి పెదవులతో సహా అన్నీ స్పష్టంగా ఉన్నాయి. వాటన్నిటి ముందు తన ముఖం, దాని కింద ఆమె ముఖం. అద్దంలోనే ఆమె అతని కళ్ళలోకి చూసింది. నవ్వు మెల్లగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

ఆ ఆఫీసులో ఇన్నాళ్ళూ ఆమె వినని మాట లేదు.

అతను ముందుకొచ్చి, శుక్రవారం కూర్చున్న కుర్చీలోనే ఎదురుగా కూర్చున్నాడు. ఆమె కుర్చీ తిప్పుకుంది.

"నన్ను క్షమించమ్మా."

"ఎందుకన్నా? చెప్పారు కదా."

"అటు తిరిగి చెప్పాను."

"అటు తిరిగైనా చెప్పారు. ఇదివరకు వాళ్ళు అదీ చెప్పలేదు." ఆమె రుమాలు మడత విప్పి, మళ్ళీ అదే మడత పెట్టింది. "ఈసారి నా కోడు తిరగేసుకోలేదన్నా. రెండు రోజులూ నిద్రపోయాను."

"మరి పొద్దున అందరి ముందూ అలా ఎందుకన్నావు? నీ నోటితో..."

"ఎనిమిదిమంది ఉన్నారు కదా. మీరు నిలబడిన తీరు చూస్తే ఎవరో ఒకరు చెప్పాలనిపించింది. నేనైతే ఎవరూ మళ్ళీ అడగరు." రుమాలు సంచిలో పెట్టుకుంది. "ఇంకో కంపెనీకి నా ప్రొఫైలు ఎప్పుడు పంపిస్తున్నారు?"

"ఇవాళే."

"అయితే ఆ వాక్యం తీసెయ్యండన్నా."

ఏ వాక్యమని అతను అడగలేదు. "తీసేస్తే, వాళ్ళు రేపు అడిగితే?" అన్నాడు. ఆ గొంతులో బతిమాలడం అతనికే వినిపించింది.

"అడిగితే నేనే చెప్తాను. ముఖం చూసి చెప్తాను."

ఆమె కుర్చీ పక్కకి జరిపి బల్ల అతనికి వదిలింది. ఆమె చేత్తోనే తీసెయ్యొచ్చు. కానీ రాసింది అతను కాబట్టి, తీసేది అతనే అయ్యుండాలన్నట్టు ఎదురుచూసింది. తలుపులు తీసేయించిన అల్మారాలు గుర్తొచ్చాయి, రోజూ పొద్దున అడిగే కోరిక గుర్తొచ్చింది. రేపు పొద్దున పటం ముందు నిలబడి ఏమని అడగాలో తెలియలేదు.

ప్రొఫైలు తెరిచాడు. తెర మీద మినుకుమనే గీతని ఆ వాక్యం చివరికి తెచ్చాడు. మొత్తం ఒక్కసారే చెరిపెయ్యొచ్చని తెలుసు. కానీ వేలు ఒక్కొక్క అక్షరాన్నే చెరిపింది. ఇబ్బంది పోయింది, పని పోయింది, అక్షరాలు పోయాయి, ముఖం పోయింది. ఆఖరికి వినికిడి పోయింది. పక్కన ఆమె తెర వైపు చూడటం లేదు. నల్లటి అద్దంలో అతని ముఖం చూస్తోంది.

ఆఖరి అక్షరం కూడా పోయాక, అక్కడెప్పుడూ ఏమీ లేనట్టు, కింది వాక్యాలు పైకి జరిగి కూర్చున్నాయి.